మొక్కలు చాలు, మార్చి నెలలో మనుషులు కావాలి

వానాకాలం వస్తే మా ఊరి గుట్ట మీదికి జనం కార్లేసుకుని వస్తారు. మొక్కలు తెస్తారు, గుంతలు తీయిస్తారు, నాటుతూ ఫోటోలు దిగుతారు, భోజనాలు చేసి వెళ్లిపోతారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఈ పోస్టు వాళ్ల కోసమే, కాస్త కోపంగానే రాస్తున్నాను. ఊరి అడవి బతికినా చచ్చినా ఫిబ్రవరి నుంచి మే లోపలే, మంటల కాలంలోనే తేలిపోతుంది. ఆ నాలుగు నెలలూ గుట్ట మీద ఎవరూ కనిపించరు. కాపలా కాసే నలుగురైదుగురు ఊరివాళ్లు తప్ప.

మాది అనంతపురం వైపు. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు అంటారు, అదీ సరిగ్గా పడితే. ఇలాంటి సీమలో జూలైలో నాటిన నర్సరీ మొక్కకు తర్వాతి ఎండాకాలం నీళ్లు మోసే దిక్కుండదు. అసలు ఇక్కడి గుట్టలకు బయటినుంచి మొక్కలు తేవాల్సిన అవసరమే చాలా చోట్ల లేదు. చండ్ర, బిల్లుడు, చిగర, బలుసు, పరికి, రేగు, సీతాఫలం, వీటి వేర్లు నేలలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి గొడ్డలి దెబ్బలు తిని, మేకలు కొరికి, ఏటా కాలిపోయి మోకాలెత్తు దగ్గరే ఆగిపోయాయి. నాలుగైదేళ్లు కొట్టకుండా, కాలకుండా చూసుకుంటే అవే లేస్తాయి. ముదురు వేరు నుంచి లేచిన పిలకకు ఉండే సత్తువ కవర్లో పెంచిన మొక్కకు రాదు.

నమ్మకం కుదరకపోతే చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి అనే ఊరుమ్మడి అడవికి పోయి చూడండి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, ముష్టికోవెల లాంటి ఊళ్ల జనం కలిసి ఆ బోడి గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడది దాదాపు 9 వేల ఎకరాలు. విత్తనాలు చల్లారు, కొన్ని మొక్కలూ నాటారు, కానీ అడవిని నిలబెట్టింది ముఖ్యంగా కాపలా. ఊళ్లు తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నాయి, కావలివాళ్లను పెట్టుకున్నాయి, మంట లేస్తే పరుగెత్తాయి. వంకల పక్కన ఈత చెట్లు లేచాయి, ఇళ్ల కప్పులకు వేసే బోద గడ్డి పెరిగింది. తోడేళ్లు కూడా ఉన్న అడవి అది.

ఇక మంట సంగతి. చూడనివాళ్లకు అర్థం కాదు కాబట్టి వివరంగా చెప్తాను.

మార్చికల్లా గడ్డి నడుమెత్తున ఎండి ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేస్తుంది. ఎవరో బీడీ పారేస్తారు, లేదా కావాలనే అంటిస్తారు. మంట ఆర్పడం అనగానే అందరికీ నీళ్లు గుర్తొస్తాయి. గుట్ట మీద నీళ్లెక్కడివి? పచ్చి మండలు విరుచుకుని కొట్టడమే. వాలులో మంటకి పైన నిలబడితే ప్రాణానికే ప్రమాదం, ఎందుకంటే నిప్పు ఎక్కేటప్పుడు పరుగెడుతుంది. కాలిపోయిన నేల వైపు నుంచి, పక్కల నుంచి అణచుకుంటూ రావాలి. మండను పైకెత్తి బాదకూడదు. బాదితే రవ్వలు లేచి అవతలి గడ్డిలో పడతాయి. నేలకి రాసినట్టు, అదిమినట్టు కొట్టాలి. మంట ఆరాక కూడా పని అయిపోదు. ఎండిన మోళ్లలో, పేడలో నిప్పు దాగి ఉంటుంది, పొద్దుపోయాక గాలి వీస్తే మళ్లీ అంటుకుంటుంది. అందుకే ఒకరిద్దరు రాత్రి అక్కడే ఉండాలి. తెల్లారి చూస్తే మోకాలెత్తు పిలకలన్నీ మాడి ఉంటాయి. నేల మీద గుడ్లు పెట్టే కౌజు పిట్టలు, పరుగెత్తలేని నక్షత్ర తాబేళ్లు, వీటి గురించి చెప్పడం నాకు కష్టం.

నాకు మండతో కొట్టడం నేర్పింది మా ఊరి గొర్రెల కాపరి, పెద్దాయన. గుట్టకు నిప్పు పెడతారని అందరూ నింద వేసేది కూడా ఆయన లాంటి వాళ్ల మీదే. ఒకరోజు నేరుగా అడిగాను. "పాత కసువు కాల్చకపోతే వానకి లేతది యాడొస్తాది నాయనా? నా జీవాలు ఏం తినాల?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా "అడవిని కాపాడండి" అని బోర్డులు పెట్టడం అన్యాయం. ఆయన గొర్రెలకు ఆ గుట్ట తప్ప ఇంకో బీడు లేదు. ఉన్న బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి, మిగిలినవి సర్కారు కంపతో (సర్కారు తుమ్మ అంటారే, ఆ ముళ్లచెట్టు) మూసుకుపోయాయి.

కాబట్టి మాట్లాడుకున్నాం. గుట్టను భాగాలు చేసి, పిలకలు ఎత్తు పెరిగిన భాగాన్ని మేతకు వదలాలి, మిగతాది రెండు మూడేళ్లు ఆపాలి. ముదిరిన గడ్డిని ఊరివాళ్లు కోసుకుపోవచ్చు, దాంతో కాలడానికి సరుకే తగ్గుతుంది. కాపరులే ముందు వరసలో కావలివాళ్లు అవ్వాలి, ఎందుకంటే రోజూ గుట్ట మీద ఉండేది వాళ్లే. ఇది పూర్తిగా కుదిరిందని చెప్పను, ప్రతి ఏడాదీ గొడవలు వస్తూనే ఉంటాయి. కానీ ఒప్పందం కుదిరిన వైపు మంటలు బాగా తగ్గాయి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను, చాలామందికి నచ్చదని తెలుసు. కావలివాళ్లకు కూలి ఇవ్వాలి. "ఇది సేవ కదా, డబ్బులెందుకు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నెల జీతం వచ్చే మనం ఆదివారం రెండు గంటలు చేస్తే సేవ. రోజు కూలి వదులుకుని మార్చి ఎండలో గుట్ట మీద కూర్చునే మనిషిని అదే కొలతతో ఎలా కొలుస్తాం? రిజర్వు ఫారెస్టులో అయితే వేసవికి అటవీ శాఖ ఫైర్ వాచర్లను పెట్టుకుంటుంది. ఊరి గుట్ట రెవెన్యూ భూమి కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో అటవీ శాఖతో కలిసి ఊరివాళ్లే అడవిని చూసుకునే వన సంరక్షణ సమితులు వచ్చినప్పుడు ఊళ్లలో ఎంత ఆశ ఉండేదో పెద్దవాళ్లు చెప్తుంటారు. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లు మీటింగులు జరిగాయి. ఆగిపోయాక చాలా చోట్ల సమితి బోర్డు మాత్రం మిగిలింది. తెలంగాణ హరితహారం 2015లో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో మొదలైంది. వనమహోత్సవం 1950 నుంచీ నడుస్తోంది. ప్రతి దానికీ నాటిన మొక్కల లెక్క ఉంటుంది. కాలకుండా ఆపిన ఎకరాల లెక్క ఏ ప్రభుత్వమైనా అడగగా విన్నారా?

రికార్డుల సంగతి ఇంకా ఘోరం. ఊరంతా కలిసి ఇరవై ఏళ్లు కాపాడినా కాగితంలో అది బంజరే. కల్పవల్లిలో కూడా అదే జరిగింది. జనం పెంచుకున్న గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి, వాటి కోసం రోడ్లు తవ్వారు. కాగితాల్లో అక్కడ అడవి లేదు మరి. గాలి కరెంటు వద్దని నేననను, కానీ ఊరిని అడగాలి కదా. ఎవరి పేరున ఉన్నా అడవి లక్షణం ఉన్నదాన్ని అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి కాపాడమని 2011లో మళ్లీ చెప్పింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత ఆగింది కూడా కోర్టు జోక్యంతోనే. అక్కడ విద్యార్థులు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి. మా గుట్ట దగ్గర పొక్లెయిన్ దిగితే చూసేవాళ్లు గొర్రెల కాపరులే.

మొక్కలు నాటే పని వద్దే వద్దని కాదు. చెరువు గట్టు మీద కానుగ పెట్టండి, బడిలో వేప పెట్టండి, నీళ్లు పోసే మనిషి ఉన్న చోట ఏదైనా పెట్టండి. గుట్ట మీదికి వచ్చేటప్పుడు మాత్రం గుద్దలి, గడ్డపార పట్టుకురండి. సర్కారు కంపను పైపైన నరికితే మోడు నుంచి నాలుగింతలు చిగురిస్తుంది, మొదలు చుట్టూ తవ్వి వేరుతో లేపాలి. దాని ముల్లు హవాయి చెప్పును దాటి పాదంలో దిగుతుంది కాబట్టి బూట్లు వేసుకోండి.

జనవరి చివర్లో, మంట అవతలికి దాటకుండా ఫైర్ లైన్లు కొడతాం. మూడు నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఊడ్చి, మట్టి కనిపించేలా చేయాలి. ఊరివాళ్లు చేస్తారు, మీరు పక్కన నిలబడి పోగుచేసినా చాలు. నైలాన్ బట్టలు వద్దు, నిండు చేతుల కాటన్ చొక్కా వేసుకోండి. రాలేనివాళ్లు వచ్చే వానాకాలం మొక్కలకు, బ్యానరుకు, భోజనాలకు పెట్టే ఖర్చును ఈ ఎండాకాలం ఇద్దరు కావలివాళ్ల కూలికి ఇవ్వండి. మీ ఊళ్లో గుట్ట ఉంటే మా దాకా రావద్దు, అక్కడే మొదలుపెట్టండి. ముందు పంచాయతీలో ఆ సర్వే నంబరు ఏ పేరున ఉందో కనుక్కోండి, తర్వాత అక్కడ జీవాలు మేపుకునే వాళ్లతో కూర్చుని మాట్లాడండి.