ఏడు అనగానే ఏడుకొండలేనా?

ఆధునిక శిల్పం ముందు నిలబడగానే మనవాళ్లు చాలామంది అడిగేది ఒకటే: "ఇంతకీ దీని అర్థమేంటి?" ఆ మాట కాసేపు పక్కనపెట్టి, గోడమీది లేబుల్‌లో పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల వరస చదవండి. నా లెక్కన అసలు సంగతంతా అక్కడే మొదలవుతుంది.

బెంగళూరులో పుట్టిన రంజని శెట్టర్ శిల్పం ఒకటి 2018లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వేలాడదీశారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే "ఏడు చెరువులు, కొన్ని వాన చినుకులు". స్టెయిన్‌లెస్ స్టీలు, మస్లిన్ గుడ్డ, చింతగింజల జిగురు, పైన ల్యాకర్ అనే వార్నిష్‌లాంటి పూత. ఏడు కనబడింది కదా అని ఏడుకొండల్నో సప్తర్షుల్నో లాక్కొస్తే, శిల్పం చూడకుండానే వ్యాఖ్యానం పూర్తయిపోతుంది. చింతగింజ అంటే భారతీయత అనేయడమూ ఆ బాపతే.

చింతగింజ చేసే పనేమిటో చూడాలి. గింజలు వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, సన్నసెగ మీద ఉడికిస్తే జిగురు వస్తుంది. కలుపుతూ ఉండకపోతే ఉండలు కడుతుంది, అవి గుడ్డమీద మచ్చల్లా తేలతాయి. జిగురు పట్టిన గుడ్డ ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. పూత మందమైతే పగులుతుంది. తేమ తగిలితే బూజు, ఆ వెనకే పురుగు. ల్యాకర్ మెరుపుకే కాదు, తేమను ఆపడానికి కూడా.

ఈ జిగురు మనకేం కొత్త కాదు. కొండపల్లిలో పొణికి చెక్క ముక్కల్ని అతికే మక్కు అంటే రంపపు పొట్టూ ఇదే జిగురూ. చేర్యాల నకాషీలు బొమ్మలేసే ఖాదీకి గంజి, సుద్దమట్టితోపాటు దీన్నీ పట్టిస్తారు. కాకపోతే అక్కడ అది రంగుల కింద దాక్కుంటుంది. శెట్టర్ శిల్పంలో జిగురు తాగిన గుడ్డే పైచర్మం, వెలుతురు దాని గుండానే వస్తుంది. స్టీలు గట్టు, గుడ్డ నీటిపొర. చెరువనే మాట శీర్షికలో లేదనుకున్నా ఇంతవరకూ మనంతట మనమే రాగలం. ప్రతీక అంటే ఇలా చేతిపనిలోంచి పుట్టాలి. పైనుంచి అతికించేది ఎంత పాండిత్యమున్నా ఊడిపోతుంది.

మన తెలుగు సంఘాలవాళ్లు పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లేముందు ఒక కొండపల్లి బొమ్మ, గుప్పెడు చింతగింజలు వాళ్ల చేతికివ్వండి. లోపల ఎలాగూ దేన్నీ ముట్టుకోనివ్వరు.