కోల్ట్ 1911 మీద ప్రేమకు జ్ఞాపకాలొక్కటే కారణం కాదు

అమెరికా మాజీ సైనికులకు కోల్ట్ 1911 పిస్టల్ మీదున్న ప్రేమంతా పాత జ్ఞాపకాల వల్లేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అదే నిజమైతే యుద్ధం మొహం చూడని కుర్రాళ్లు కూడా షూటింగ్ పోటీల్లో దాన్నే ఎందుకు పట్టుకుంటున్నారు?

అసలు సంగతి ట్రిగ్గర్‌లో ఉంది. చాలా పిస్టళ్లలో అది ఒక పిన్ను మీద తిరుగుతుంది. ఈ పిస్టల్‌ను రూపొందించిన జాన్ బ్రౌనింగ్ మాత్రం దీని ట్రిగ్గర్‌ను నేరుగా వెనక్కి జరిగేలా పెట్టాడు. వేలు కాస్త కదిలితే చాలు, ఎప్పుడు పేలబోతోందో చేతికి తెలిసిపోతుంది. పిడి వెనక ఇంకో సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట ఉంటుంది. అరచేత్తో సరిగ్గా బిగించి పట్టుకుంటే తప్ప పేలదు. శుభ్రం చేయడానికి విప్పేటప్పుడు, గొట్టం చివరున్న బుషింగ్ అనే రింగు తిప్పే ముందు స్ప్రింగ్ మూతను బొటనవేలితో అదిమి పట్టాలి. పట్టు జారిందా, మూత ఎగిరి ఎక్కడో పడుతుంది! ఇలాంటివి చేతికి ఒకసారి అలవాటైతే ఇక పోవు.

బరువు కిలో దాటుతుంది, మేగజీన్‌లో పట్టేవి 7 తూటాలే. అందుకే 1985లో అమెరికా సైన్యం 15 తూటాల బెరెట్టా పిస్టల్‌కు మారింది, అది సబబే. కానీ అప్పటికే రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం చూసేసింది ఇది. పైగా 2012లో అమెరికా మెరీన్ దళం ఇదే డిజైన్‌లో కొత్త పిస్టళ్ల కోసం మళ్లీ కోల్ట్ కంపెనీకే ఆర్డర్ ఇచ్చింది. వ్యాసంలో ఆ ముక్క కూడా రాసి ఉండాల్సింది.