పి0700 అంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

మా బాబాయి, పిన్ని కిందటేడు ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చారు. అన్నాళ్లూ వాళ్ల 2012 మోడల్ ఆటోమేటిక్ కారు కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవరు కప్పుకుని పడుకుంది. వచ్చాక చూస్తే బ్యాటరీ దిగిపోయింది. పక్క ఫ్లాట్ వాళ్ల కారు నుంచి జంపర్ కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేశారు. మూసాపేట దాటారో లేదో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఎంత తొక్కినా బండి మూడో గేరులోనే ఈడుస్తోంది. దగ్గర్లోని షెడ్డులో స్కానర్ పెడితే పి0700 అనే కోడ్ వచ్చింది. "గేర్‌బాక్స్ దింపాల్సిందే సార్, 80 వేలవుతుంది. సెకండ్ హ్యాండ్‌ది వేస్తే 55లో అయిపోతుంది" అన్నాడట మెకానిక్. అమ్మితే ఆ కారుకు 2 లక్షలు కూడా రావు. బాబాయికి టెన్షన్, నాకు ఫోన్.

ఆ మెకానిక్ మోసగాడని నేననను. కానీ ఒక్క కోడ్ చూసి గేర్‌బాక్స్ దింపాలనడం, దగ్గుతున్న మనిషిని చూడగానే ఊపిరితిత్తులు మార్చాలన్నట్టు ఉంటుంది.

ఈ కోడ్‌ల లిపి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 పద్ధతిది, అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. పక్కనున్న సున్నా అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని చెబుతుంది, అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ సొంతది. 7 గేర్‌బాక్స్ గుర్తు. ఇక పి0700 చెప్పేది చాలా కొంచెం. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ తన దగ్గర ఏదో తేడా కనిపెట్టి, లైటు వెలిగించమని ఇంజిన్ కంప్యూటర్‌ను అడిగింది, అంతే. కాలింగ్ బెల్ మోగిందన్నమాట. వచ్చినవాళ్లెవరో తెలియాలంటే తలుపు తీయాలి. అసలు కోడ్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని చదవగలిగే స్కానర్ కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ పరికరాల్లో చాలావాటికి బెల్లు వినిపిస్తుంది, మనిషి కనపడడు.

మూడో గేరులో ఇరుక్కోవడం కూడా గేర్లు అరిగాయనడానికి సాక్ష్యం కాదు. తేడా కనిపించగానే ఆ కంప్యూటర్ గేర్లు మార్చే సోలినాయిడ్‌లకు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఆయిల్ వాల్వులకు, కరెంటు ఆపేస్తుంది. అప్పుడు ఆయిల్ ప్రెషర్‌తోనే ఒక గేరు పట్టుకుని ఉంటుంది, చాలా బండ్లలో అది మూడోదో రెండోదో అవుతుంది. ఇల్లు చేరడానికి కారు చేసుకున్న ఏర్పాటు అది.

మర్నాడు తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, మెల్లగా నడుపుకుంటూ రాణీగంజ్ తీసుకెళ్లాం. అక్కడ స్పేర్‌పార్ట్‌ల కొట్ల వెనక సందులో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. మేం బండి ఆపగానే ఆయన అడిగిన మొదటి మాట, "కోడ్ చెరిపేశారా సార్?" చెరపలేదు. చెరిపితే తేడా వచ్చిన క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని కంప్యూటర్ దాచుకున్న వివరం కూడా పోతుంది. మన షెడ్డుల్లో "బ్యాటరీ టెర్మినల్ తీసి పది నిమిషాలు వదిలెయ్" అనే వైద్యం ఒకటుంది కదా, చాలా కార్లలో అది చేసే పనీ ఇదే. లైటు ఆరుతుంది, ఆధారమూ ఆరిపోతుంది. ముందు ఫోటో తీసుకోవాలి.

ఆయన స్కానర్‌లో రెండు కోడ్‌లు వచ్చాయి. పి0715, పి0731. రెండోది చదివితే గుండె జారుతుంది: ఫస్ట్ గేరు నిష్పత్తి తప్పుగా ఉంది. లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నా ఇదే కోడ్ వస్తుంది. అయితే మొదటిది గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్ సర్క్యూట్‌ది. ఈ రెండింటి సంబంధం పట్టుకోవడమే అసలు పని. ఫస్ట్ గేరు నిష్పత్తి 2.8 అనుకుందాం. లోపలికి 2,800 చుట్లు వస్తే బయటికి 1,000 వెళ్లాలి. కంప్యూటర్ రెండు సెన్సర్లనూ చదివి భాగహారం చేస్తుంది. లోపలి సెన్సర్ వైరు మధ్యమధ్యలో తెగుతుంటే లెక్క తప్పుతుంది, గేరు జారుతోందని కంప్యూటర్ అనుకుంటుంది. అందుకే ఇలా జంటగా వచ్చినప్పుడు ముందు సర్క్యూట్ సంగతి తేల్చాలి. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు. దాని వైర్లు, కనెక్టర్, చివరికి కంప్యూటర్ కూడా అందులోకే వస్తాయి. "సెన్సర్ కోడ్ వచ్చింది, సెన్సర్ మార్చేద్దాం" అనేది గేర్‌బాక్స్ దింపడం కన్నా చవకైన తప్పు, కానీ తప్పే.

తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్. అది చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి టిష్యూ మీద చుక్క వేశాడు. ఎరుపు తగ్గి కాస్త గోధుమ రంగు తిరిగింది, మాడు వాసన లేదు. ఈ ఒక్క పరీక్షతోనే నాకు సగం భయం పోయింది. ఆయిల్ నల్లబడి, మాడు కంపు కొట్టి, అడుగు పళ్లెంలో ఇనుప రజను కనిపిస్తే మాత్రం వైర్లు వెతుక్కుంటూ కూర్చోవడం దండగ, మొదటి మెకానిక్ మాటే నిజమవుతుంది. ఇంకో సంగతి. అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బాగున్న గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది. 2014లో సెలెరియోతో మన రోడ్ల మీదకొచ్చిన ఏఎంటీ లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది. కోడ్ చూడటానికి ముందే మనది ఏ రకమో తెలియాలి.

మొదట కొత్త బ్యాటరీ వేశాడు. పాతది స్టార్ట్ కొట్టేటప్పుడు 9 వోల్టుల కిందికి పడిపోతోంది, అంత తక్కువ వోల్టేజీలో కంప్యూటర్లు లేనిపోని కోడ్‌లు రాస్తాయి. కోడ్‌లు చెరిపాడు, బండి చక్కగా నడిచింది. బాబాయి ఆయనకు దండం పెట్టాడు. మూడు వారాలకు మళ్లీ అదే లైటు. "చూశావా, గేర్‌బాక్సే" అన్నాడు బాబాయి, నా వైపు కోపంగా చూస్తూ.

ఈసారి బండి లిఫ్ట్ ఎక్కింది. సెన్సర్ నుంచి పైకి వెళ్లే వైర్ల కట్టను చేత్తో కదిలిస్తూ స్కానర్‌లో చుట్ల లెక్క చూస్తూ పోయాడు. ఒకచోట పట్టుకోగానే లెక్క సున్నా. టేపు విప్పితే ఒక వైరు సగం కొరికేసి ఉంది, పక్కన ఎలుక పెంటికలు. ఆరు నెలలు సెల్లార్‌లో కదలని బండి ఎలుకలకు అద్దె లేని ఫ్లాట్ కాక మరేమవుతుంది!

ఇక్కడ తప్పు ఒక్క మెకానిక్‌ది కాదు. డాక్టరు స్కాన్ రాస్తే వేలు కట్టి వచ్చే మనం, షెడ్డులో మూడు గంటలు వెతికి "ఏం మార్చక్కర్లేదు" అన్న మనిషికి ఏమీ ఇవ్వం. "చూసినందుకు కూడా డబ్బులా?" అంటాం. పార్టు మారిస్తేనే ఆయనకు కూలి గిట్టే పద్ధతి మనమే పెట్టుకుని, పార్టులు మారుస్తున్నారని మనమే తిడతాం. 55 వేల సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేసి ఉంటే లైటు వెలుగుతూనే ఉండేది, ఎందుకంటే కొరికిన వైరు గేర్‌బాక్స్‌తో పాటు దిగేది కాదు.

రాణీగంజ్ ఆయన ఇచ్చిన చీటీలో ఆ వెతుకులాటకు గడి లేదు. "వైరింగ్ పని: 1,800" అని ఉంది. అది చూసి కూడా బాబాయి, "ఒక వైరుకి అంతా?" అన్నాడు.