సీసం తరువాత ఆటవెలది

ముప్పై నాలుగేళ్లు నల్లగొండ జిల్లా పాఠశాలల్లో తెలుగు పండితునిగా పనిచేసిన నాకు సీసమంటే ఒకటే అర్థం తెలుసు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాల చొప్పున నాలుగు పాదాలు నడిచి, చివర తేటగీతినో ఆటవెలదినో వెంటబెట్టుకొని వచ్చేది సీసం. ఆ చివరిది లేనిదే పద్యం పూర్తికాదని బల్ల చరిచి మరీ చెప్పేవాణ్ణి. లోహాల్లోనూ ఒక సీసం ఉన్నదనీ, దానికీ ఈ నియమం వర్తిస్తుందనీ పదవీ విరమణ చేసిన తరువాత గాని నాకు బోధపడలేదు.

మా బామ్మర్దిది దేవరకొండ దగ్గరి పల్లె. మిరుగం నాడు చేప తినకపోతే ఏడాది పొడుగునా ఒంట్లో ఏదో ఒక నలత తప్పదని మా ఇంట్లో గట్టి నమ్మకం కనుక, మృగశిర కార్తె ప్రవేశించే రోజుకు డిండి చెరువు చేపలు తెచ్చిపెట్టే బాధ్యత ప్రతి ఏటా అతనిదే. ఈసారి మే నెల చివర్లో చేపలకు బదులు చిరిగిన విసురు వలను భుజాన వేసుకొని వచ్చాడు. "బావా, అంచుకున్న గుండ్లు సగం ఊడిపోయినయి, బజార్ల కొనుక్కొద్దాం పా" అన్నాడు. ఆ మాట విని లేచి చెప్పులు వేసుకొని ఉంటే కథ అక్కడే ముగిసేది. కాని పింఛను తీసుకునే మనిషికి తీరిక ఎక్కువ, తనకు తెలియని పని లేదన్న భ్రమ అంతకన్నా ఎక్కువ. "సీసమే కదా, మనమే పోసుకుందాం" అన్నాను.

వల అంచుకు సీసమే ఎందుకు కడతారో ఆ రాత్రి నేను అతనికి ఒక గంట సేపు వివరించాను. నీటికన్నా పదకొండు రెట్లకు పైగా బరువైన లోహం కావడం వల్ల చిన్న గుండు కూడా చప్పున మునిగిపోతుందనీ, అందువల్ల చేప తేరుకొనేలోపు వల అంచు నేలకు ఆనుతుందనీ, ఇనుము వాడితే గుండు పెద్దదై తుప్పు కూడా పడుతుందనీ చెప్పాను. పుట్టిన నాటి నుంచి వల విసురుతున్న మనిషికి నేను వల గురించి పాఠం చెబుతున్నానన్న సంగతి నాకు అప్పుడు తోచలేదు. అతను మర్యాదస్తుడు, నిద్రపోతూ కూడా తల ఊపాడు.

సీసం పంక్చరు దుకాణంలో దొరికింది. కార్ల చక్రాలు వణకకుండా అంచులకు కొట్టే పాత బరువులను దుకాణదారు కిలోల లెక్కన అమ్మాడు. ఇక కరిగించే విధానం కోసం మనవడి ఫోనులో వెదికితే, వల గుండ్లు పోసేవారెవరూ కనబడలేదు గాని, గడ్డం పెంచిన ఒక అమెరికా పెద్దమనిషి పిస్తోలు తూటాలకు సీసం పోస్తూ ప్రత్యక్షమయ్యాడు. అక్కడ గురి సాధన చేసే వారిలో కొందరు, ఖర్చు కలిసి వస్తుందని, కాల్చి పడేసిన ఇత్తడి తొడుగులను ఏరుకొచ్చి, ఇంట్లో పోసుకున్న సీసపు తూటాలు బిగించి మళ్లీ వాడుకుంటారట. ఆయన కూడా పాత చక్రాల బరువులనే కరిగించడం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ బరువుల్లో గట్టిదనం కోసం కాస్త ఆంటిమొని అనే మూలకం కలిపి ఉంటుందనీ, ఈ మధ్య వస్తున్న వాటిలో కొన్ని జింకువనీ, అవి కలిస్తే పోత చెడుతుందనీ ఆయన హెచ్చరించాడు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకుకు 419 కావాలి. కాబట్టి మంట మితంగా ఉంచితే జింకు ముక్కలు కరగకుండా పైకి తేలుతాయి, గంటెతో తీసిపారేయవచ్చు. వీటన్నిటినీ నేను నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. పాత్ర దగ్గరికి నీటి చుక్క రానీయవద్దని ఆయన మూడుసార్లు అన్నాడు. దాన్ని మాత్రం ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీశాను.

మా ఆవిడ సంతకు వెళ్లిన సమయం చూసి, ఆమె గారెలు వేసే ఇనుప మూకుడును, పెద్ద గంటెను పెరట్లోకి చేరవేశాను. అచ్చు కోసం పానగల్లు ఉదయసముద్రం గట్టు నుంచి తెచ్చిన నల్లమట్టిని పలకలా పరిచి, దానిలో బొటనవేలితో గుంటలు చేసి, దారం దూరేందుకు ఒక్కొక్క గుంటలో సైకిలు పుల్ల ఒకటి గుచ్చి, రెండు రోజులు ఎండబెట్టాను. నల్లగొండ ఎండలో రెండు రోజులంటే మట్టేమిటి, మనిషైనా పలక బారుతాడు. పైన వేలితో కొడితే ఠంగుమంది. లోపల ఏమున్నదో చూడవలసిన అవసరం, నోటు పుస్తకంలో రాయలేదు కనుక, నాకు కనిపించలేదు.

కట్టెల పొయ్యి మీద సీసం కరుగుతూ ఉంటే ముచ్చటగా ఉంది. ఆ బరువులకున్న ఇనుప కొక్కాలు మునగకుండా బెండ్లలాగా తేలుతున్నాయి. ఇనుము తేలే ద్రవాన్ని అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి చూశాను. మడ్డి విడివడడానికి కొవ్వొత్తి ముక్క వేయమని ఆ పెద్దమనిషి చెప్పినందున వేశాను. అది భగ్గున అంటుకొని, మూరెడు మంటతో నల్లని పొగ గోడ దాటి వెళ్లింది. అవతల పిడకలు తిరగేస్తున్న పక్కింటి అవ్వ, "ఏం పోస్తున్నరు సారూ?" అని అడిగింది. మా బామ్మర్ది ఉన్నది ఉన్నట్టుగా, "గుండ్లు పోస్తున్నం అవ్వా" అన్నాడు.

గంటె నింపి మొదటి గుంటలో పోశాను. ఒక క్షణం ఏమీ జరగలేదు. తరువాత మట్టి కడుపులో దాగిన తడి ఒక్కసారిగా ఆవిరైంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుందని పక్క గదిలో పాఠం చెప్పే సైన్సు మాస్టారి గొంతు ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాను గాని, అది నా లుంగీకి సంబంధించిన విషయమని ఏనాడూ అనుకోలేదు. ఢామ్మని చప్పుడైంది, అచ్చు రెండుగా పగిలింది, సీసం వెండి చినుకులై లేచింది. కళ్లద్దాలు ఉండబట్టి కళ్లు దక్కాయి. ఎడమ అద్దం మీద ఒక చుక్క ఇప్పటికీ అతుక్కొనే ఉంది. మిగిలిన చుక్కలు లుంగీ మీద పడి, కాలి, లోపలికి దారి చేసుకున్నాయి. పారిజాతం చెట్టు నుంచి బావి గట్టు దాకా నేను వేసిన అడుగులకు ఏ నాట్యశాస్త్రంలోనూ పేరు లేదు. సీసం పూర్తయింది, ఆటవెలది మొదలైంది.

అసలు ముప్పు చప్పుడు వల్ల కాదు, 'గుండ్లు' అన్న మాట వల్ల వచ్చింది. సాయుధ పోరాటం నాడు పక్కింటి అవ్వ చిన్నపిల్ల. ఊళ్లో బర్మార్లనే నాటు తుపాకులకు చాటుమాటుగా సీసం కరగబోసి గుండ్లు చేసేవారని పెద్దలు చెప్పుకొంటుంటే విన్నది. పొగ, చప్పుడు, గుండ్లు మూడూ కలిసేసరికి ఆమెకు కాలం డెబ్బై ఏళ్లు వెనక్కి తిరిగింది. వీధి మొదట్లో "సారు ఇంట్ల గుండ్లు పోస్తున్నరు" అని బయలుదేరిన వార్త, వీధి చివరకు చేరేసరికి "సారు పేల్చిండ్రు" అయింది. మధ్యలో సగమే విన్న కిరాణా వ్యాపారి మాత్రం, గుండు యాదగిరిగుట్టలో చేయించుకుంటారా, ఇంట్లోనేనా అని భక్తిగా అడిగిపోయాడు.

గంటలోపు కానిస్టేబులు వచ్చాడు. వచ్చినవాడు నా శిష్యుడే కావడం అదృష్టమనుకోవాలో కాదో అప్పటికి తేలలేదు. ఎనిమిదో తరగతిలో సీసపద్య లక్షణం చెప్పలేక నా చేత బెంచీ ఎక్కినవాడు. కాలిన లుంగీని, పగిలిన అచ్చును, ఫోనులో ఇంకా తూటాలు పోస్తూనే ఉన్న అమెరికా పెద్దమనిషిని వరుసగా చూసి, ఆయన దేశం సంగతి వేరనీ, మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరమనీ ఎంతో వినయంగా విన్నవించాడు. మా బామ్మర్ది వలను పెరటి నిండా పరిచి చూపించిన తరువాత గాని అతని ముఖం తేటపడలేదు. అయినా ఫిర్యాదు వచ్చింది కనుక రెండు ముక్కలు రాసి ఇవ్వమన్నాడు.

నేను రాశాను. "నేను నా స్వగృహమున గుండ్లు పోసిన మాట వాస్తవము" అని మొదలైన ఆ వాక్యాన్ని అతను చదివి, మెల్లగా మడిచి, నా చేతికే ఇచ్చాడు.

"సార్, గిట్ల రాస్తే మిమ్మల్ని నేనే తీస్కపోవాలె. చేపల వలకు సీసపు పూసలని రాయుండ్రి."

ముప్పై నాలుగేళ్లు ఇతరుల వాక్యాలు దిద్దిన చేత్తో నా వాక్యాన్ని దిద్దుకున్నాను. ఇంతలో మా ఆవిడ సంత సంచితో వచ్చి మూకుడును గుర్తుపట్టింది. సీసం కరిగించిన పాత్రలో ఇక వంట చేయరాదు, అది విషమని కానిస్టేబులు చెప్పడంతో, ఆమె నా వైపు చూసిన చూపు ఏ చట్టంలోనూ లేని శిక్ష. మిరుగం నాటికి కొత్త మూకుడూ, కొత్త గంటే, బజారు గుండ్లూ నా పింఛనులోంచే రావాలని అక్కడికక్కడే తీర్పు వెలువడింది.

గేటు దాటబోతూ శిష్యుడు ఆగి, నా లుంగీ అంచును కాసేపు పరీక్షగా చూశాడు. చిన్నవి మూడు, వాటి పక్కనే పెద్దవి రెండు, ఐదు రంధ్రాలు వరుసగా ఉన్నాయి.

"మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఆటవెలది మొదటి పాదం సరిగ్గ కుదిరింది సార్" అన్నాడు.