బ్రిటన్ పోస్టాఫీసు క్యూ గారికి

మహారాజశ్రీ క్యూ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ ఆరోగ్యం గురించి వేరే అడగక్కర్లేదు, తోక తలుపు దాటి పేవ్‌మెంటు మీదికి వచ్చిందంటే దివ్యంగా ఉన్నారనే అర్థం.

ఈ దేశపు పోస్టాఫీసులో పర్మనెంటు ఉద్యోగి మీరొక్కరే. 2007లో సంస్థ తన సొంత శాఖల్లో 70 శాఖలను పుస్తకాలు, పత్రికలు అమ్మే డబ్ల్యూహెచ్‌స్మిత్ కొట్లలోకి తరలిస్తామని ప్రకటించింది. 2018లో మరో 40 వరకు అన్నారు. పాత భవనాలు చేతులు మారాయి, కౌంటర్ల వెనక తలలు నెరిసినవాళ్లు ఎందరో వెళ్లిపోయారు. మీరు మాత్రం సీనియారిటీ చెడకుండా, ఒక్క అంగుళం తరగకుండా బదిలీ అయ్యారు.

బదిలీ మీకు కలిసొచ్చింది. పాత భవనంలో మీతో నిలబడితే చూడటానికి గోడ గడియారం తప్ప ఏముండేది? ఇప్పుడు కొట్టు వెనక మూలకో, పై అంతస్తుకో చేరేలోపు చాక్లెట్లు, పత్రికలు, పుట్టినరోజు కార్డులు దాటాలి. ఇదివరకు మా కాలం ఊరికే వృథా అయ్యేది, ఇప్పుడు ఎవరికో ఆదాయం అవుతోంది. మిమ్మల్ని పొట్టిగా చేయాలని ఇక ఎవరికి అనిపిస్తుంది చెప్పండి!

తరలించే ముందు ప్రజాభిప్రాయం అడిగారు, కాదనను. అయితే తరలించాలా వద్దా అని కాదు, అది వ్యాపార నిర్ణయమట. కొత్త చోట చక్రాల కుర్చీ సులువుగా తిరుగుతుందా, దారి ఎలా ఉంది, ఇవి చెప్పమన్నారు. ముహూర్తాలు పెట్టేసుకుని, పందిరి ఎటువైపు వేయాలో పెళ్లికూతురిని అడిగినట్టు.

మీరు ఇంతగా పెరగడం పూర్తిగా మీ ప్రతిభే అనుకోకండి. 2007 తర్వాత రెండేళ్లలో దాదాపు 2,500 పోస్టాఫీసులు మూతపడ్డాయి. 2015 నుంచి 6,000కు పైగా బ్యాంకు శాఖలు తలుపులు వేసుకున్నాయి. దాంతో చిల్లర సంచులతో దుకాణదారులు మీ దగ్గరికే వచ్చారు, ఆన్‌లైన్‌లో కొన్న చొక్కా పొడవు చాలక తిప్పి పంపేవాళ్లూ మీ దగ్గరికే వచ్చారు. మా తెలుగు పిల్లల సంగతి సరేసరి. 2024లో ఈ-వీసాలు వచ్చేదాకా, చదువుకోసం విమానం దిగిన పది రోజుల్లో నివాసపు కార్డు తెచ్చుకోవాల్సి ఉండేది, అదీ చాలామందికి పోస్టాఫీసులోనే. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత తీయకముందే మీ దర్శనం అయ్యేది.

కొట్లో పోస్టాఫీసు ఉంటే తప్పేమిటని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను. పల్లెల్లో ఎప్పటినుంచో అంతే, పాలు అమ్మే చేత్తోనే స్టాంపులూ ఇస్తారు, మనిషిని పేరుతో పిలుస్తారు. అలాంటి పోస్ట్‌మాస్టర్లకు సంస్థ చేసిన మర్యాద కూడా లోకానికి తెలుసు. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ డబ్బు తగ్గిందని చెప్పిన దొంగ లెక్కలు నమ్మి వాళ్లను కోర్టుకు ఈడ్చారు. 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా ముద్రపడ్డారు. నష్టపరిహారం కోసం వాళ్లు ఏళ్ల తరబడి నిలబడిన క్యూ మీకు పెద్దక్క అవుతుంది. ఆవిడ ముందు మీరెంత.

ఇంతలో ఇల్లిచ్చినవాడే ఇల్లు అమ్ముకున్నాడు. 1792లో పుట్టిన డబ్ల్యూహెచ్‌స్మిత్ 2025లో ఊళ్లలోని తన కొట్లను మొడెల్లా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. బోర్డు మీద ఇప్పుడు టీజీజోన్స్ అని ఉంటుంది. ఆ జోన్స్ ఎవరని వెతక్కండి, అలాంటి ఆసామి లేడు. కుటుంబ దుకాణంలా వినబడాలని పెట్టుకున్న పేరు. ఇటు పోస్టాఫీసు సంస్థ కూడా 11,500 పైచిలుకు శాఖల్లో అప్పటికి తన చేతిలో మిగిలిన 115ను వదిలించుకునే ఆలోచన 2024 నవంబరులోనే బయటపెట్టింది.

కాబట్టి మీకు మళ్లీ బదిలీ తప్పకపోవచ్చు. ఈసారి దారి గురించి అభిప్రాయం అడిగితే ఒకటి రాయదలచాను: రెండు కుర్చీలు వేయించండి. స్థలం లేదంటారేమో, ‘త్వరగా కోలుకోండి’ కార్డుల అర పక్కన వేయవచ్చు, మోకాళ్ల నొప్పులవాళ్లకు చదువుకోవడానికీ బాగుంటుంది.

ఇట్లు,
మీ తోక చివర నిలబడ్డ
విధేయుడు