మూరెడు పాలసొర, చిత్తు కాగితాల పద్దు

మా మేనకోడలు బాలింత. మా అక్క ఊరుకుంటుందా, పాలు బాగా పడతాయని పాలసొర అనే రకం సొరచేప తెమ్మని గుంటూరు చేపల మార్కెట్‌కు తరిమింది. నాలుగు చోట్ల అడిగితే ఒక్కచోట దొరికింది. ఒక్కోటి మూరెడు కూడా లేదు. "ఇంత చిన్నవేంటమ్మా?" అన్నాను. "పాలసొరంటే ఇంతే ఉంటది బాబూ" అంది చేపలమ్మే ఆమె, చేప మీద వేడినీళ్లు పోసి ఆ గరుకు తోలు గీకుతూ.

పాలసొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పుట్టేటప్పుడే పిల్ల జానెడు దాటి ఉంటుంది. పెరిగితే మీటరు దాటుతుంది. అంటే ఆ గంపలో ఉన్నవి ఈమధ్యే పుట్టిన పిల్లలు. బాలింత కోసం పసిపిల్లల్ని తూకం వేయించుకుని వచ్చానన్నమాట.

నన్ను వెంటాడింది మాత్రం "ఇంతే ఉంటది" అన్న మాట. ఆమె అబద్ధం చెప్పలేదు, తను చూసినంతే చెప్పింది. చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో ఎత్తిచూపింది దీన్నే. ప్రతి తరమూ తన చిన్ననాటి సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది. తాత చూసింది మనవడి లెక్కలోకి రాదు. అందుకే సొరలు ఎంత తగ్గాయో తెలియాలంటే ఇప్పటివాళ్లను అడిగితే చాలదు, పాత కాగితాలు తిరగెయ్యాలి.

తిరగేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని కీ వెస్ట్‌లో సరదాగా వేటకు వెళ్లొచ్చిన టూరిస్టులు పట్టిన చేపలను బోర్డుకు వేలాడదీసి, పక్కన నిలబడి ఫొటో దిగడం ఆనవాయితీ. లోరెన్ మెక్‌లనహన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 దాకా దిగిన ఆ ఫొటోలు పోగేసి చేపలను కొలిచారు. సగటు చేప బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. సొరల సగటు పొడవు సగానికి పైగా తగ్గింది. మధ్యధరా సముద్రంలో ఫ్రాన్సెస్కో ఫెరెట్టి బృందం వేట పద్దులు, పాత రికార్డులు కలిపి చూసింది. అక్కడ 5 రకాల పెద్ద సొరలు 96 నుంచి 99.99 శాతం దాకా తగ్గిపోయాయని 2008లో తేల్చింది. 1970 తర్వాతి లెక్కలు మాత్రమే చూసుకున్న 2021 నాటి ప్రపంచ అధ్యయనంలో నడిసముద్రపు సొరలు, టేకు చేపల తగ్గుదల 71 శాతం. చోట్లు వేరు, జాతులు వేరు కాబట్టి ఈ లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కానీ లెక్క ఎక్కడ మొదలెడితే నష్టం అక్కడి నుంచే కనిపిస్తుంది.

పాత కాగితమంతా వేదం కాదు. వాయవ్య అట్లాంటిక్ బోట్ల లాగ్‌బుక్కులు చూసి సొరల తగ్గుదల మీద 2003లో వేసిన లెక్కను తోటి శాస్త్రవేత్తలే తప్పుబట్టారు. తెప్ప మీద వెళ్లి తెచ్చిన చేపనూ మరబోటు వల ఈడ్చి తెచ్చిన చేపనూ ఒకే తూకంలో వెయ్యలేం. చట్టం మారితే రాతా మారుతుంది. రంపపు చేపను, తిమింగల సొరను 2001లో వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు. పట్టుకుంటే కేసు అయినప్పుడు, వలలో పడ్డా పుస్తకంలో రాసేదెవరు?

మన తీరం సంగతికొస్తే, ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలు, బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆయన చేసిన మంచిపని ఏమిటంటే, జాలర్లు ఏ చేపను ఏమని పిలిచేవారో ఆ తెలుగు పేర్లే రాసుకోవడం. అందులో పాలసొర ఉంది. మా అక్క నోట వచ్చిన మాటే, 220 ఏళ్ల కిందటి ఇంగ్లిషు పుస్తకంలో! అవి ఎన్ని ఉండేవో ఆ పుస్తకం చెప్పదు. ఆ పేరు ఏ చేపదో మాత్రం బొమ్మతో సహా చెబుతుంది. పరిశోధనకు అది తక్కువ ఆధారమేమీ కాదు.

రస్సెల్‌కూ నేటి ప్రభుత్వ గణాంకాలకూ మధ్య ఉన్న పెద్ద ఖాళీని పూడ్చగలిగేది చేపల వేలం పాటదారుల చిట్టాలేనని నా నమ్మకం. నిజాంపట్నంలో, మచిలీపట్నంలో చేపల పాట పాడినవాళ్లు, ఎండుచేపలు బండ్లకెత్తినవాళ్లు లెక్క రాసుకోకుండా వ్యాపారం చేశారా? నాగార్జున విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే పిల్లలూ జువాలజీ పిల్లలూ కలిసి ఒక్క వేసవి ఆ ఇళ్ల అటకలు వెతికితే చాలు. గుంటూరు నుంచి బస్సు దూరమే.

నాకు తెలిసిన ఒక పాత వ్యాపారిని అడిగాను. ఇల్లు మారేటప్పుడు మూడు బస్తాల పుస్తకాలు చిత్తు కాగితాల కింద అమ్మేశాడట. ఒక్కటి మిగిలింది, ఎర్రగుడ్డ అట్టది. చెదలు తిన్న పేజీలో వాళ్ల నాన్న దస్తూరీ: "పెద్ద సొర 2, చిన్నవి గంప 1." బరువు లేదు, ఏడాది ఉన్నచోట చెద తినేసింది. పెద్దదంటే ఎంతుండేదని అడిగితే, ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం ఈ పక్క నుంచి వసారా చివరిదాకా నడిచి చూపించాడు.