ఆరినట్టు కనిపించే సిరా

శ్రావణం వస్తే రాజమండ్రి ప్రెస్సుల్లో ఒకటే టెన్షన్. ఒకపక్క పెళ్లికార్డుల ఆర్డర్లు, ఇంకోపక్క వదలని ముసురు. మామూలు ఆఫ్‌సెట్ సిరా ఆ తేమలో ఓ పట్టాన ఆరదు. పైన పడిన కార్డు వీపుకి కింది కార్డు మీది పేర్లు అంటుకుంటాయి. యూవీ, అంటే అతినీలలోహిత కాంతితో సిరాని గట్టిపరిచే మెషీన్ ఉన్నచోట ఆ బాధ లేదు. కార్డు దీపం కింద నుంచి ఇలా దాటుతుంది, అలా గట్టిపడుతుంది.

దీన్నీ అందరం 'ఆరడం' అనే అంటాం. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. వడియం ఆరిందంటే అందులో నీరు పోయిందని. యూవీ సిరాలో ఆవిరై పోయేది దాదాపు ఏమీ ఉండదు. అందులోని ఫొటోఇనీషియేటర్ అనే రసాయనం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని విడిపోతుంది. ఆ ముక్కలు ద్రవంగా ఉన్న అక్రిలేట్ అణువుల్ని ఒకదానికొకటి ముడివేస్తాయి. సాల్వెంట్ కంపు లేకపోవడం దీని పుణ్యమే. అయితే కాంతి చాలకపోతే పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉండిపోతుంది. నల్ల సిరా అయితే మరీను, కాంతినంతా పైపొరలోనే మింగేస్తుంది.

నేను చూసిన ప్రెస్సుల్లో పరీక్ష ఒక్కటే: బొటనవేలితో రుద్దడం. గ్లవ్ కూడా ఉండదు. పచ్చి అక్రిలేట్ పదేపదే తగిలితే చర్మానికి అలర్జీ వస్తుందని, ఒకచోట అలా రుద్దుతున్న కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. దీపం ఎన్నాళ్లదని అడిగితే "బాగానే వెలుగుతోంది కదండీ" అన్నాడు. వెలుగుతోంది, నిజమే. కంటికి కనిపించే నీలి వెలుగు వేరు, సిరాకి పనికొచ్చే 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వేరు. పాదరసం దీపం పాతబడే కొద్దీ, చూడ్డానికి అలాగే ఉన్నా, ఆ రెండోది తగ్గిపోతుంది.

పెళ్లికార్డుతో పెద్ద ముప్పేం లేదు, దాన్ని ఎవరూ తినరు. పూతరేకుల డబ్బా అలా కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులకి రుచే నెయ్యి. సిరాలో మిగిలిపోయిన రసాయనాలు కొవ్వులోకి తేలిగ్గా చేరతాయి. అచ్చు బయటివైపే కదా అనుకుంటాం. కానీ అట్టలు దొంతరగా పేర్చినప్పుడు కింది అట్ట ముఖం పై అట్ట వీపుకి ఆనుతుంది. మడిచాక ఆ వీపే డబ్బా లోపలి గోడ. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐటీఎక్స్ అనే ఫొటోఇనీషియేటర్ బయటపడింది. అది వచ్చింది ప్యాకెట్ మీది యూవీ అచ్చు నుంచే.

మనకి రూల్ లేక కాదు. ఆహార ప్యాకింగ్ సిరాలకి ఐఎస్ 15495 అనే భారతీయ ప్రమాణం ఉంది, 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలూ దాన్నే పాటించమంటాయి. అయినా తప్పంతా ప్రెస్సుదే అనలేను. డబ్బాలు చేయించే స్వీటు షాపువాళ్లు మెరుపు చూస్తారు, రేటు దగ్గర బేరమాడతారు. ఏ సిరా వాడారని, దీపం కింద కాంతిని మీటర్ పెట్టి ఎప్పుడు కొలిచారని అడగరు. అడిగే గిరాకీ ఉంటే ఆ మీటర్ ప్రెస్సువాళ్లే కొంటారు.